బల్ల కింద నుంచి పేర్లు

కత్తి దిగుతుండగానే "టక్"మని చప్పుడు. ఇంకేముంది, రాజెవరో ముక్కలు పంచకముందే అందరికీ తెలిసిపోయింది!

జనవరి 6, పసి యేసుని చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల పండగ. ఫ్రాన్స్‌లో ఆ రోజు కోసేది గలెత్ దె రువా, అంటే బాదం ముద్ద కూరిన 'రాజుల కేకు'. లోపల దాచే పింగాణీ బొమ్మే ఫెవ్, ఒకప్పుడు ఉత్త చిక్కుడు గింజ. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లే రాజు. దాన్ని నడిమధ్య పెడితే ప్రతి కోతా దాని మీదకే వస్తుంది. అంచు వైపు గుచ్చాలి.

లోపలి ముద్దకి బాదం పొడి, పంచదార, వెన్న తలా 100 గ్రాములు, 2 గుడ్లు. పొరలు పొరలుగా పొంగే పఫ్ పేస్ట్రీ పిండి మీద ముద్ద పరిచి, చుట్టూ 2 సెంటీమీటర్లు వదిలి, ఆ అంచు తడిచేసి, పైన ఇంకో పేస్ట్రీ కప్పి గట్టిగా నొక్కాలి. పైన పూసే గుడ్డు సొన పక్కలకి కారిందా, పొరలు అతుక్కుపోయి పొంగవు. మధ్యలో చిన్న కన్నం పెట్టకపోతే ఆవిరి పక్కనుంచి చీల్చుకొస్తుంది, బాదమంతా ట్రే పాలు.

ఏ ముక్క ఎవరికో బల్ల కింద దూరిన చిన్నపిల్ల చెబుతుంది. అసలు సరదా అదే. ఇంతకీ 'రాజుల కేకు' అంటారు గానీ, బైబిల్లోని మత్తయి సువార్తలో జ్ఞానులు ముగ్గురనీ లేదు, రాజులనీ లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కాబట్టి ముగ్గురన్నారు. అయినా ఫెవ్ దొరికినవాళ్లకి అట్ట కిరీటం ఖాయం.

ఫ్రాన్స్ అధ్యక్షుడి ఎలిజే భవనంలో కోసే గలెత్‌లో మాత్రం ఫెవ్ పెట్టరు. రిపబ్లిక్‌లో రాజేంటి మరి!