ఏనుగు తొండం కోసం: వెండి నాణేల ఫోటోలతో నా అనుభవం

మొదటి ఫోటో చూసి నా స్నేహితుడు ఒకటే మాట అడిగాడు. "ఒరేయ్, ఇది వెండా, సీసమా?"

అడగడంలో తప్పు లేదు. చేతిలో పట్టుకుంటే జిగేలుమనే నాణెం, ఫోటోలోకి వచ్చేసరికి దుమ్ము పట్టిన సీసపు బిళ్ళలా ఉంది. నేనేమో కెమెరా బాగానే వాడతాననుకునేవాణ్ణి. చెట్లు, పిట్టలు, పరిగెత్తే పిల్లలు, అన్నీ తీశాను. కదలకుండా మెదలకుండా బల్ల మీద పడి ఉండే నాణెం ఒక లెక్కా అనుకున్నాను. ఆ లెక్క తేలడానికి నాలుగు నెలలు పట్టింది.

నా దగ్గర అరవై దాకా వెండి నాణేలున్నాయి. అన్నిటికీ ఒక పట్టిక రాసుకుని, ఒక్కోదానికి బొమ్మ వైపు ఒకటి, బొరుసు వైపు ఒకటి ఫోటో పెట్టుకుందామని మొదలుపెట్టాను. వాటిలో నాకు బాగా ఇష్టమైనది 1911 నాటి ఐదో జార్జి రూపాయి. 11.66 గ్రాముల బరువు, 30.5 మిల్లీమీటర్ల అడ్డుకొలత. రాజుగారి దుస్తుల మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. దాని తొండం పొట్టిగా ఉండి ఏనుగు కాస్తా పందిలా కనిపిస్తోందని అప్పట్లో పెద్ద గొడవైంది. 1912లో అచ్చు మార్చి తొండం స్పష్టంగా కనిపించేలా చేశారు. 1911 నాణేలు చాలావరకు కరిగించేశారు. అంటే ఈ నాణెం కథంతా ఆ తొండంలోనే ఉంది. నా ఫోటోలో తొండం సంగతి అలా ఉంచండి, ఏనుగే లేదు. అక్కడొక బూడిద మచ్చ ఉంది.

సీసం రంగు ఎందుకొచ్చిందో తెలుసుకోడానికి పెద్దగా టైం పట్టలేదు. నాణేన్ని తెల్ల కాగితం మీద పెట్టి తీశాను. ఎదురుగా ఏమున్నా దాన్ని సగటున ఒక మధ్యరకం బూడిద రంగుకి తేవడమే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు పని. తెల్ల కాగితం, తెల్లటి వెండి రెండూ కలిసేసరికి 'అబ్బో, వెలుగు ఎక్కువైంది' అనుకుని మొత్తాన్నీ చీకటి చేసేసింది. సరే అని నల్ల గుడ్డ వేశాను. ఈసారి చీకటి ఎక్కువైందనుకుని వెలుగు పెంచేసింది, నాణెం అక్షరాలా తెల్లమొహం వేసింది. దాంతో ఆటోని నమ్మడం మానేశాను. అన్నీ మాన్యువల్‌లో పెట్టి, హిస్టోగ్రామ్ (ఎడమ వైపు చీకటి, కుడి వైపు వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) చూసుకుంటూ, కుడి అంచుకు గుద్దుకోకుండా దాని దగ్గరిదాకా తీసుకెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె, 100 దాటలేదు. నాణెం ఎక్కడికీ పారిపోదు కదా, షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటే మాత్రం ఏం?

లెన్స్ దగ్గర కొంచెం డబ్బు వృథా చేశాను. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్‌తో ఎంత దగ్గరికెళ్ళినా రూపాయి ఫ్రేము నిండలేదు. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించే గొట్టాలు, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, కొన్నాను. ఫ్రేము నిండింది గానీ లెన్స్ వెళ్ళి నాణెం నెత్తిన కూర్చుంది, లైటు లోపలికి రావడానికి సందే లేదు. చివరికి వాడిన 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్, అంటే చిన్న వస్తువుల్ని దగ్గరగా తీసేది, ఒకటి దొరికింది. మాక్రో అనగానే అందరూ అసలు సైజు, ఒకటికి ఒకటి అంటారు. నాణేలకు అంత అక్కర్లేదు. నా కెమెరా సెన్సార్ (లోపల బొమ్మ పడే పలక) ఎత్తు 15 మిల్లీమీటర్లు, రూపాయి 30. సగం సైజులో తీస్తే చాలు. అసలు లాభం దూరం. నాణేనికీ లెన్స్‌కీ మధ్య జానెడు పైనే ఖాళీ ఉంటుంది, దీపాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

ఇక కెమెరాను నాణేనికి సరిగ్గా నిట్టనిలువుగా నిలబెట్టడం. ఏ మాత్రం వాలినా రాజుగారి ముక్కు స్పష్టంగా ఉండి అంచు అక్షరాలు అలుక్కుపోతాయి. స్పిరిట్ లెవెల్ కొని ట్రైపాడ్‌కి, బల్లకి, కెమెరాకి మార్చి మార్చి పెట్టి విసిగిపోయాను. ఆ స్నేహితుడే చిన్న చిట్కా చెప్పాడు. నాణెం ఉండాల్సిన చోట ఒక చిన్న అద్దం ముక్క పెట్టాలి. వ్యూఫైండర్‌లోంచి చూస్తే ఆ అద్దంలో నీ లెన్సే కనిపిస్తుంది. లెన్స్ కన్ను సరిగ్గా ఫ్రేము మధ్యలోకి వచ్చేదాకా జరుపుకో, అంతే. రెండు నిమిషాల పని. స్పిరిట్ లెవెల్ ఇప్పుడు గోడకి పటాలు తగిలించడానికి పనికొస్తోంది.

ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం) విషయంలోనూ పప్పులో కాలేశాను. అన్నీ స్పష్టంగా రావాలని ఎఫ్/22 పెట్టాను, అంటే రంధ్రాన్ని బాగా చిన్నది చేశాను. అంతా ఒకేలా వచ్చింది నిజమే, ఒకేలా మసకగా. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి అంచుల దగ్గర చెదిరిపోతుంది. దగ్గర నుంచి తీసేటప్పుడు అది ఇంకా ముదురుతుంది. తర్వాత నేను పెట్టిన ఎఫ్/11 కూడా సగం సైజు దగ్గర దాదాపు ఎఫ్/16లా పనిచేస్తుంది. అందుకే ఎఫ్/8 దగ్గర ఆగిపోయాను. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పది రెట్లు పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేస్తాను, కెమెరా లోపలి అద్దం ముందే పైకి లేపి ఉంచి రెండు సెకన్ల టైమర్ పెడతాను. ఈ భాగం ఇంతే. ఒకసారి కుదిరాక మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

అసలు కథ లైటుది.

రెండు టేబుల్ ల్యాంపులు పెట్టుకున్నాను. తీసిన ప్రతి ఫోటోలోనూ రాజుగారి భుజం దగ్గర గులాబీ రంగు మచ్చ. మొదట వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా చేసే సర్దుబాటు, తప్పిందనుకున్నాను. బూడిద రంగు కార్డు పెట్టి సెట్ చేశాను. మచ్చ పోలేదు. బల్బుల తేడా అనుకుని రెండిటికీ ఒకే రకం ఎల్ఈడీ బల్బులు మార్చాను. కిటికీ మూసేశాను. పోలేదు. నాణేనికే ఏదో పట్టిందేమోనని భూతద్దం పెట్టి చూశాను, ఏమీ లేదు. లెన్స్ మీద అనుమానం వచ్చింది. మరుసటి రోజు అదే నాణెం, అదే లెన్స్, అవే లైట్లు. మచ్చ మాయం! ఆనందించాలో ఏడవాలో తెలియలేదు. కారణం తెలియకుండా పోయిన జబ్బు మళ్ళీ వస్తుందని టెన్షన్. ఆ సాయంత్రం ఉతికిన బట్టలు మడత పెడుతుంటే చేతిలోకి వచ్చింది, ముందు రోజు నేను వేసుకున్న ఎర్ర చొక్కా.

అనుమానం తీరక ఆ చొక్కా వేసుకుని మళ్ళీ తీశాను. మచ్చ ఠంచనుగా భుజం మీదికొచ్చి కూర్చుంది. ఒక అడుగు ఎడమకి జరిగాను, మచ్చ కూడా జరిగింది.

మెరుగుపెట్టిన వెండి తన మీద పడ్డ వెలుగులో 95 శాతం దాకా తిప్పి కొడుతుంది. దానికంటూ సొంత రంగు పెద్దగా లేదు. ఇన్నాళ్ళూ నాణేన్ని తీస్తున్నాననుకున్నాను గానీ, నేను తీస్తున్నది ఆ నాణెంలో పడ్డ గదిని. పసుపు గోడ, చెక్క బల్ల, నా చేతులు, చివరికి నా చొక్కా, అన్నీ అందులో ఉన్నాయి. ఇక అప్పట్నుంచి కెమెరాలోంచి చూసే ముందు నాణెం ఉన్న చోట తల ఆనించి పైకి చూస్తున్నాను. ఇంట్లో వాళ్ళకి ఇది వింతగానే ఉంటుంది. కానీ అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందో అదే ఫోటోలో పడుతుంది. ఇప్పుడు నల్ల చొక్కా ఒకటి ఈ పనికే కేటాయించాను. నాణేన్ని కూడా కాగితం మీద కాకుండా ఒక చిన్న సీసా మూత మీద నిలబెడతాను. వెనకున్న రంగు అంచుల మీదికి పాకదు, నేపథ్యం మెత్తగా మసకబారుతుంది.

లైటు మరీ కఠినంగా ఉందని ల్యాంపులకి ట్రేసింగ్ కాగితం కట్టాను. నీడలు మెత్తబడ్డాయి, దాంతో పాటు ప్రాణం కూడా పోయింది. కొత్త వెండి నాణేన్ని కాస్త వంచి తిప్పితే బండి చక్రం ఆకుల్లా వెలుగు చారలు గిర్రున తిరుగుతాయి. అచ్చుల మధ్య నలిగినప్పుడు లోహం మధ్యలోంచి అంచుల వైపుకి ఒరుసుకుంటూ పోవడం వల్ల పడే సన్నటి గీతలవి. ఆ నిగారింపు కనపడాలంటే వెలుగు ఒక చిన్న చోటు నుంచి రావాలి. కాగితం తీసేశాను. ల్యాంపుల్ని గడియారంలో పది, రెండు అంకెలుండే చోట పెట్టి, లెన్స్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత పైకి లేపాను. చారలు తిరిగొచ్చాయి.

ఒకసారి సరదాకి లైటు కింది వైపు, ఆరు అంకె దగ్గర పెట్టి చూశాను. రాణీ గారి మొహం ఉబ్బెత్తుగా కాక గుంటలా లోపలికి పోయింది! వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన మెదడుకి గట్టి నమ్మకం. ఆ రాణి ఆస్ట్రియాని ఏలిన మరియా థెరీసా. ఆమె బొమ్మున్న థాలర్ అనే వెండి నాణేన్ని నేను సాధన కోసం వాడుకుంటాను. ఆమె పోయిన సంవత్సరం 1780. ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలకి ముద్రించినా నాణెం మీద అదే సంవత్సరం వేస్తూ వచ్చారు, అందుకే చాలా తేలిగ్గా దొరుకుతుంది. పొరపాటున కింద పడినా గుండె ఆగదు.

గుండె ఆగిన సంగతి కూడా చెప్పాలి. ఫోటోలో మురికి కనిపిస్తోందని ఒక నాణేన్ని కళ్ళజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డతో రుద్దాను. కంటికి బాగానే ఉంది. లైటు కిందికి దించి తీస్తే రాజుగారి చెంప మీద ఒకే వైపుకి సాగిన వందల సన్నటి గీతలు. అవి ఇక పోవు. పాత నాణేన్ని తుడవకూడదని తెలియక కాదు, ఫోటో బాగా రావాలన్న యావలో మర్చిపోయాను. ఇప్పుడు రబ్బరు బుడగతో గాలి కొట్టడం తప్ప ఇంకేమీ చేయను. అంచులు పట్టుకుని ఎత్తుతాను. దాని మీదికి వంగి మాట్లాడను కూడా.

నల్లబడిన నాణేల దగ్గర ఇంకో సమస్య. ఒకదానికి అంచు చుట్టూ నీలం, ఊదా, పసుపు రంగులున్నాయి. గాలిలోని గంధకం వెండితో కలిసి పల్చటి పొరలా ఏర్పడుతుంది. నీళ్ళ మీద నూనె రంగులు తేలినట్టే, ఆ పొర మందాన్ని బట్టి రంగులు. చేతిలో వంచితే కనిపించేవి, కెమెరా ముందు నల్లగా ఉండేవి. దీనికి పటానికి వేసే మామూలు గాజు పలక ఒకటి పనికొచ్చింది. దాన్ని లెన్స్‌కీ నాణేనికీ మధ్య 45 డిగ్రీలు వాల్చి నిలబెట్టి, పక్కనుంచి లైటు వేయాలి. వెలుగు గాజుకి తగిలి నిలువుగా నాణెం మీద పడి, తిరిగి నిలువుగా లెన్స్‌లోకి వస్తుంది. రంగులన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. సేకరణ కోసం ప్రత్యేకంగా ముద్రించే, అద్దంలాంటి ప్రూఫ్ నాణేలకీ ఇదే మందు. కాకపోతే బొమ్మ బల్లపరుపుగా కనిపిస్తుంది కాబట్టి ప్రతిదానికీ వాడను.

మిగిలింది ఏనుగు. అన్నీ కుదిరినా ఆ మచ్చ మచ్చగానే ఉంది. ఒక రాత్రి లైవ్ వ్యూలో దాన్ని పది రెట్లు పెద్దది చేసి పెట్టుకుని, రెండో ల్యాంపు ఆర్పేసి, ఒక్క ల్యాంపుని చేత్తో పట్టుకుని నాణెం చుట్టూ నెమ్మదిగా తిప్పాను. తొమ్మిది దగ్గర ఏమీ లేదు. పది దగ్గర వీపు కనిపించింది. పదకొండు దాటేసరికి కాళ్ళు, ఆ ముందు చిన్న గీతలా ఏదో లేచి, అంతలోనే పోయింది. కొంచెం వెనక్కి తెచ్చాను. మళ్ళీ లేచింది. వెలుగు ఏ దిక్కున వస్తుందో ఆ దిక్కుకే సాగిన గీత నీడ పడక మాయమవుతుంది, అడ్డంగా ఉన్నది నీడతో సహా నిలబడుతుంది. ఇన్ని రోజులూ నా లైటు సరిగ్గా తొండం వెంటే పడుతోందన్నమాట. ల్యాంపుని అక్కడే బిగించి, కాస్త కిందికి దించి, రెండోదాన్ని వెనక్కి జరిపి నీడలు పలచన చేసి, టైమర్ నొక్కి ఊపిరి బిగబట్టాను.

మర్నాడు స్నేహితుడికి చూపించాను. వాడు పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరిపి, చాలాసేపు చూశాడు.

"వెండే," అన్నాడు.

"ఏనుగో?"

"తొండం స్పష్టంగా ఉందిరా. పొట్టిగా, స్పష్టంగా ఉంది." ఇంకాసేపు చూశాడు. "అయినా పందే."