సిడ్నీ రైల్లో ఖాళీ పెట్టె ఎక్కడుంది?

సిడ్నీ ఎయిర్‌పోర్టు స్టేషన్లో రైలెక్కితే మామూలు చార్జీ కాకుండా ఆ స్టేషన్ వాడుకున్నందుకని మనిషికి ఇంకో 17 డాలర్లకు పైగా పడుతుంది. అమ్మకీ నాకూ కలిపి ఆ లెక్క రూపాయల్లో వేసుకున్నాక, సిడ్నీ శివారు వెంట్‌వర్త్‌విల్‌లో అక్కావాళ్ళ ఇల్లు చేరేదాకా నాకు మనసు మనసులో లేదు. ఇంత పిండుకునే రైళ్ళలో గొప్పేముంటుందిలే అనుకున్నాను.

బావ రోజూ సిటీకి వెళ్ళొస్తాడు. రెండోరోజు రాత్రి అన్నాలయ్యాక ఫోన్లో ట్రిప్‌వ్యూ అనే రైలు టైముల యాప్ తెరిచి రాబోయే రైలు బొమ్మ చూపించాడు. ఎనిమిది పెట్టెలు వరసగా ఉన్నాయి. సీట్లు బాగా ఉన్నాయా, కాసినే ఉన్నాయా, నిలబడాల్సిందేనా అని ఒక్కో పెట్టె మీదా ఓ గుర్తు. రైలు ఇంకా రాకముందే! ఇదెలా తెలుస్తుందని బావను పట్టుకుని వదల్లేదు.

2011 నుంచి అక్కడ తిరుగుతున్న వారటా రకం రైళ్ళకి పెట్టె కింద గాలి తిత్తులుంటాయి. జనం ఎక్కేకొద్దీ పెట్టె కుంగకుండా, నేల ఒకే ఎత్తులో ఉండేలా తిత్తుల్లో గాలి పెరుగుతుంది. ఆ ఒత్తిడిని బట్టి బరువెంతో తెలుస్తుంది. నిండు పెట్టెకి ఎక్కువ బ్రేకు కావాలి, ఖాళీదానికి తక్కువ చాలు కాబట్టి ఈ బరువు రైలుకి ఎలాగూ కావాలి. బ్రేకు కోసం కొలిచే ఆ లెక్కనే ప్రయాణికులకూ చూపిస్తున్నారు. నాకు బాగా నచ్చింది ఇదే. గూగుల్ మ్యాప్స్ కూడా 2021 జులైలో పెట్టెల వారీ రద్దీ చూపించడం న్యూయార్క్, సిడ్నీల్లోనే మొదలుపెట్టింది.

ఓపెరా హౌసూ, హార్బర్ బ్రిడ్జీ అందరూ చూసేవే, మేమూ చూశాం. నేను చెప్పాల్సింది తిరుగు ప్రయాణం గురించి. సాయంత్రం 3 నుంచి 7 దాకా పీక్ చార్జీ. ఆ తర్వాతైతే 30 శాతం తగ్గుతుందని నేను కాసేపు ఆగుదామన్నాను గానీ, అమ్మ మోకాళ్ళు అప్పటికే పట్టేశాయి. రైలెక్కడానికి టౌన్‌హాల్ స్టేషన్లోకి మెట్లు దిగాం. ప్లాట్‌ఫాం ఇరుకు, పైకప్పు కిందికి ఉంటుంది, ఆఫీసులు వదిలిన జనమంతా మెట్ల దగ్గరే గుంపు కట్టారు. బావ ఫోన్ చూసి, “అత్తయ్యా, మధ్యవన్నీ నిండిపోయాయి. చివరి రెండింట్లో సీట్లున్నాయి, నెమ్మదిగా అటు నడుద్దాం” అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచింది. రైలొచ్చింది. నా కళ్ళముందే మధ్య పెట్టెలు తలుపుల దాకా కిక్కిరిసి సాగిపోయాయి. మా ముందాగిన పెట్టెలో ఊపిరాడేంత చోటుంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కానీ అవి డబుల్ డెక్కర్ రైళ్ళు. తలుపు దగ్గరి మట్టంలో ఉండేవి కొన్ని సీట్లే, మిగతావాటికి మెట్లెక్కి పైకో దిగి కిందికో పోవాలి. తలుపు దగ్గరివన్నీ నిండి ఉన్నాయి. ఖాళీలన్నీ పైన. అమ్మ మెట్ల వంక చూసి గట్టిగా స్తంభం పట్టుకుంది. రైలు కదిలింది.

అంతలో నారింజ రంగు పనిచొక్కా వేసుకున్న కుర్రాడొకడు లేచి చేత్తో సీటు చూపించాడు. బూట్ల అంచుల్లో సిమెంటు ఎండి పగుళ్ళిచ్చింది. “వద్దు నాయనా, పొద్దుణ్ణుంచీ ఒళ్ళొంచి వచ్చుంటావు” అని అమ్మ తెలుగులోనే అంది. అతను నవ్వి, పైన ఖాళీ ఉందన్నట్టు వేలు చూపించి గబగబా మెట్లెక్కేశాడు. అమ్మ కూర్చుంది. రెడ్‌ఫర్న్ స్టేషన్ దాటాక నా వంక చూసి, “ఫోను చెప్పింది నిజమేనే. కానీ నేను మెట్లెక్కలేనని దానికి తెలీదుగా” అంది.

అమ్మ మాట నూటికి నూరుపాళ్ళూ సరైనది. పెట్టె మొత్తం బరువే తెలుస్తుంది తప్ప పైన ఎందరు, కింద ఎందరు అన్నది తెలియదు. పెద్ద సూట్‌కేసులు కూడా ఆ బరువులో కలిసిపోతాయి. పైగా మనం చూసేది రైలు మన దగ్గరికి రాకముందు లెక్క, మన స్టేషన్లో ఎందరు దిగుతారో అందులో ఉండదు. తర్వాత ఓసారి టంగారా అనే పాత రకం రైలు వచ్చినప్పుడైతే పెట్టెల బొమ్మే రాలేదు. అయినా ఆ బొమ్మ లేకపోతే ఆ సాయంత్రం అమ్మ ఆ మధ్య పెట్టెల్లో నలిగిపోయేది. వయసులో ఉన్నవాళ్ళు దాన్ని చూసీ పట్టించుకోరట, దిగే చోట మెట్లకు దగ్గరగా ఆగే పెట్టెలోనే నిలబడి పోతారట. పోనివ్వండి. కూర్చోక తప్పనివాళ్ళకు చివర చోటు మిగులుతుంది.

ఇంటికొచ్చినప్పటి నుంచీ నాకు మన జనరల్ బోగీలే గుర్తొస్తున్నాయి. రైలుకి ముందు కొన్ని, వెనక కొన్ని. మహబూబాబాద్ లాంటి స్టేషన్లో రైలు ఆగేదే కాసేపు. ముందు బోగీ తలుపులో కాలు పెట్టే సందు లేకపోతే, మూటలతో, చంటిపిల్లలతో వెనకదాకా పరిగెత్తే టైమెక్కడిది? మన రైళ్ళకి వేస్తున్న ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టెల్లో చాలావాటికి ఆ తిత్తుల్లాంటి గాలి స్ప్రింగులు వస్తున్నాయి కాబట్టి బరువు తెలుసుకోవడం మనకూ అసాధ్యమేమీ కాదు. ఫోన్ యాప్ సంగతి తర్వాత, రిజర్వేషన్ ఉన్నవాళ్ళ సంగతీ తర్వాత. స్టేషన్లో రైలు పేరూ టైమూ చూపించే బోర్డు మీదే, చోటు ముందు జనరల్లో ఉందా వెనక జనరల్లో ఉందా అన్నది రైలు రావడానికి పది నిమిషాల ముందు తెలుగులో వెయ్యాలి. ఆ పది నిమిషాలుంటే ముసలివాళ్ళు కూడా నడిచి చేరుకోగలరు.