బాకీల లెక్క ఏ ఫోల్డర్‌లో ఉంది?

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఓ సందులో మాది చిన్న షాపు. జిరాక్స్, డీటీపీ, పెళ్లి కార్డులు, ఆన్‌లైన్ దరఖాస్తులు. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజైతే నా కుర్చీ వెనకే క్యూ కడతారు. పోయిన నెల సరిగ్గా అలాంటి పూటే కంప్యూటర్ నత్తనడక మొదలుపెట్టింది. చూస్తే సి డ్రైవ్ గీత ఎర్రగా ఉంది. 128 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఒక్క జీబీ కూడా మిగల్లేదు. డెస్క్‌టాప్ ఖాళీ, డౌన్‌లోడ్స్ ఖాళీ. మరి తిన్నదెవరు?

నాకు తెలుసు ఎవరో. కానీ ముట్టుకోవాలంటే భయం. రెండేళ్ల కిందట ఇదే జరిగినప్పుడు, ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు, ప్రోగ్రాములు తమ సెట్టింగులు, సమాచారం దాచుకునే యాప్‌డేటా అనే ఫోల్డర్ తెరిచి, "అత్తా, దీంట్లో ఉండేదంతా చెత్తే, తీసేస్తే సరి" అన్నాడు. సరేలే అన్నాను. షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కాడు. వాడుకలో ఉన్న ఫైళ్లను విండోస్ వదల్లేదు గానీ మిగతావన్నీ రీసైకిల్ బిన్‌కు కూడా పోకుండా మాయమయ్యాయి. చోటు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. సాయంత్రం స్టిక్కీ నోట్స్ (స్క్రీన్ మీద చీటీలు రాసుకునే ప్రోగ్రామ్) తెరిస్తే ఒక్క కాగితం లేదు. కార్డులు తీసుకుపోయి బ్యాలెన్స్ ఇవ్వాల్సినవాళ్లు, అప్పు మీద జిరాక్సులు తీయించుకున్న ట్యూషన్ సార్లు, అందరి లెక్కా ఆ పసుపు కాగితాల్లోనే ఉండేది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే వెనక్కి వచ్చేవట. నేను అవలేదు.

గుర్తున్నవాళ్లకు ఫోన్ చేశాను. కొందరు ఇచ్చారు, కొందరు "ఎప్పుడో ఇచ్చేశాం కదమ్మా" అన్నారు. చంద్రగిరి నుంచి ఒక పెద్దాయన మాత్రం తనే వచ్చి, "అడగనే లేదు, మర్చిపోయినావా ఏం?" అని నవ్వి ఎనిమిది వందలు బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఆ తర్వాతే కూర్చుని నేర్చుకున్నాను. సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మన పేరు, అందులో యాప్‌డేటా. మామూలుగా కనపడదు. విండోస్ 10లో పైన వ్యూ నొక్కి హిడెన్ ఐటమ్స్ దగ్గర టిక్ పెడితే లేత రంగులో కనిపిస్తుంది. 11లో అయితే వ్యూ, షో, ఆ తర్వాత హిడెన్ ఐటమ్స్. ఎక్స్‌పీ రోజుల్లోనూ ఇది ఉండేది, అప్లికేషన్ డేటా అనే పేరుతో. విస్టా నుంచి పేరు కుదించారు.

లోపల మూడు గదులు. రోమింగ్ అంటే బదిలీ అయిన ఉద్యోగి వెంట తీసుకుపోయే పెట్టె లాంటిది. పెద్ద ఆఫీసు నెట్‌వర్క్‌లో మనం ఏ కంప్యూటర్‌లో లాగిన్ అయితే అక్కడికి వచ్చేలా ఏర్పాటు చేయడానికి. ఫొటోషాప్ సెట్టింగులు, వర్డ్ టెంప్లేట్లు ఇక్కడుంటాయి. లోకల్ ఆ మెషీన్‌ను వదిలి కదలదు. బరువంతా దీంట్లోనే. క్రోమ్ దాచుకునే కాష్, అంటే మళ్లీ త్వరగా తెరవడానికి పెట్టుకునే వెబ్ పేజీల కాపీలు, ఇక్కడే, దాని పక్కనే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కూడా. లోకల్‌లో ప్యాకేజెస్ అని ఇంకో ఫోల్డర్, మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌ల సరుకంతా అందులో. నా బాకీలు పోయింది అక్కడే, ప్లమ్ డాట్ ఎస్‌క్యూలైట్ అనే ఫైల్‌తో పాటు. మూడో గది పేరు "లోకల్ లో" (LocalLow), దాని జోలికి నేనెప్పుడూ పోలేదు.

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య ఇంగ్లీషులో టెంప్ అని కొడితే లోకల్‌లోని టెంప్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. ప్రోగ్రాములన్నీ మూసేసి దీన్ని ఖాళీ చేయొచ్చు, వాడుకలో ఉన్నది రాదంటే స్కిప్ కొట్టడమే. ఆ రోజు దీంట్లోంచే పదకొండు జీబీ వచ్చింది. క్యూలో ఉన్నవాళ్ల పని ఆగలేదు.

అయితే ఆ టెంప్‌లో ఏముందో చూసి నాకు ఒళ్లు జలదరించింది. ఎవరెవరివో ఆధార్ కార్డులు, టెన్త్ మార్కుల జాబితాలు. జిప్ ఫైల్‌ను విప్పకుండా అలాగే లోపలి ఫైల్‌ను తెరిస్తే దాని కాపీ ఒకటి టెంప్‌లో పడుతుంది. జనం ముందు డౌన్‌లోడ్స్‌లోంచి డిలీట్ చేసి "తీసేశాను చూడండి" అని చెప్పేదాన్ని. ఆ కాపీలు మాత్రం లోపలే ఉండిపోయాయి. ఇప్పుడు రోజూ షట్టర్ దించే ముందు టెంప్ ఖాళీ చేస్తున్నాను. చోటు కోసం కాదు.

క్రోమ్ కాష్‌ను ఫోల్డర్‌లోకి వెళ్లి పీకను, క్రోమ్ సెట్టింగుల్లోంచే తీస్తాను. అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఫోల్డర్లు వదిలిపోయే ప్రోగ్రాములుంటాయి. ఒక వీడియో ఎడిటర్‌ను నాలుగు రోజులు వాడి తీసేస్తే రోమింగ్‌లో ఆరు జీబీ వదిలి వెళ్లింది. అలాంటివాటిని వెంటనే తీయను. పేరు చివర "పాతది" అని తగిలిస్తాను. వారం పాటు ఏదీ మొరాయించకపోతే అప్పుడు డిలీట్.

శనివారం శనివారం స్టిక్కీ నోట్స్ మూసేసి, ఆ ప్లమ్ ఫైల్ ఉన్న లోకల్‌స్టేట్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తాను. పక్కన గోడకు ఒక పొడుగు నోటుబుక్కు కూడా వేలాడుతోంది. దాన్ని చూసి మేనల్లుడు నవ్వుతాడు. నవ్వనీ.

ప్రస్తుతం రోమింగ్‌లో "పాతది" తగిలించినవి రెండున్నాయి. ఒకటి దేనిదో పేరు చూసినా అర్థం కాలేదు. సోమవారం దాకా చూస్తాను.