ఫోన్‌కి అవతలి వైపు

"నెట్‌వర్క్ తిరిగొచ్చిందని నాకూ కనిపిస్తోంది. ఏం మారడం వల్ల పోయింది, మళ్లీ ఎప్పుడు పోతుంది? అవి రాయకుండా టికెట్ మూయొద్దు." నేను మూసిన టికెట్‌ని, అంటే సమస్యని నమోదు చేసే రికార్డుని, తెల్లారేసరికి మా టీమ్ లీడ్ మళ్లీ తెరిచి, అందరికీ కనిపించేలా ఈ మాటలు రాశారు. పైన నా వాక్యం అలాగే ఉంది: సమస్య పరిష్కారమైంది, ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. మన దగ్గర సపోర్ట్‌లో పనిచేసిన ఎవరైనా ఈ వాక్యాన్ని కళ్లు మూసుకుని టైప్ చేసేస్తారు. ఈ ఆఫీసుకి రాకముందు దాన్ని చూసి నన్ను ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. పైగా అంత తొందరగా మూసినందుకు మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

రోషం వచ్చింది. రాదా మరి? అర్ధరాత్రి నిద్ర లేచి, ఆగిపోయిన మెషీన్లను నిలబెట్టింది నేను.

సంగతేమిటంటే, ఒకే మెషీన్‌లో అనేక వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం ఉన్న లైనక్స్ సర్వరొకటి మా దగ్గరుంది. దాని మీది వర్చువల్ మెషీన్లన్నీ (వీఎంలు) ఒకే బ్రిడ్జ్, అంటే సాఫ్ట్‌వేర్ స్విచ్, మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్తాయి. ఆ రాత్రి ఉన్నట్టుండి అన్నీ మూగబోయాయి. హోస్ట్, అంటే ఆ సర్వర్, మాత్రం నిక్షేపంగా ఉంది. ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచే లోపలికి వెళ్లగలుగుతున్నాను, మానిటరింగ్‌లో అంతా పచ్చగా ఉంది. హోస్ట్ నుంచి వీఎంలకి పింగ్ వెళ్తోంది. వీఎంల నుంచి బయటికి దారిచ్చే గేట్‌వేకి వెళ్లడం లేదు, ఒక వీఎం నుంచి పక్క వీఎంకి కూడా వెళ్లడం లేదు. విచిత్రమేమిటంటే కన్సోల్‌లో చూస్తే గేట్‌వే మ్యాక్ అడ్రస్ వీఎంకి తెలుస్తోంది. ఆర్ప్‌కి, అంటే ఆ అడ్రస్ అడిగే ప్రశ్నకి, జవాబు వస్తోందంటే కేబుల్, స్విచ్, వీల్యాన్ (నెట్‌వర్క్‌ని విడదీసే విభాగం) మీద అనుమానం అక్కర్లేదు. ఐపీ ప్యాకెట్లే ఎక్కడో మాయమవుతున్నాయి.

ఒక వీఎంకి చెందిన ట్యాప్ ఇంటర్‌ఫేస్ (హోస్ట్ వైపున్న వర్చువల్ కార్డు), వీనెట్3 మీద, వచ్చేపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టాను. పింగ్ రిక్వెస్టులు సెకనుకొకటి చొప్పున వస్తున్నాయి. అదే కమాండ్ ఫిజికల్ కార్డు మీద పెడితే ఆ వీఎం పంపిన ఆర్ప్ తప్ప ఇంకేమీ లేదు. మధ్యలో ఉన్నది బ్రిడ్జ్ ఒక్కటే. లైనక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్ తీసి చూస్తే, దాటిపోయే ప్యాకెట్లని చూసుకునే ఫార్వర్డ్ చైన్ పాలసీ డ్రాప్, అంటే పారెయ్, అని ఉంది, పక్కన ప్యాకెట్ల లెక్క చూస్తుండగానే పెరుగుతోంది. పాలసీని యాక్సెప్ట్‌కి మార్చి ఎంటర్ కొట్టగానే కన్సోల్‌లో పింగ్ జవాబులు వరస కట్టాయి.

బ్రిడ్జ్ మ్యాక్ అడ్రసులు చూసే రెండో లేయర్‌ది, ఐపీటేబుల్స్ ఐపీ చూసే మూడో లేయర్‌ది, దానికీ దీనికీ ముడేమిటని అడుగుతారేమో. బీఆర్ నెట్‌ఫిల్టర్ అనే కెర్నల్ మాడ్యూల్ లోడ్ అయి ఉంటే ముడి పడుతుంది. బ్రిడ్జ్ మీదుగా పోయే ఐపీ ప్యాకెట్లను కూడా అది ఐపీటేబుల్స్ ముందు నిలబెడుతుంది. ఆర్ప్ జోలికి ఐపీటేబుల్స్ రాదు కాబట్టి అది దర్జాగా దాటిపోయింది. ఇక ఆ డ్రాప్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, అంతకు కాస్త ముందే ఎవరో ఆ హోస్ట్ మీద డాకర్ అనే కంటైనర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేశారు. 2017లో వచ్చిన 1.13 వెర్షన్ నుంచి డాకర్‌కి ఒక అలవాటుంది: హోస్ట్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (ఒక నెట్‌వర్క్ ప్యాకెట్లను ఇంకోదానికి పంపడం) ఆఫ్‌లో ఉంటే తనే ఆన్ చేస్తుంది, ఆన్ చేశాక ముందుజాగ్రత్తగా ఫార్వర్డ్ పాలసీని డ్రాప్‌లో పెడుతుంది. తప్పు పట్టడానికేమీ లేదు, డాక్యుమెంటేషన్‌లో చెప్పే చేస్తోంది. బ్రిడ్జ్ ఒక్కటే వాడే మా హోస్ట్‌లో ఫార్వర్డింగ్ అవసరం పడక ఆఫ్‌లోనే ఉండేది.

ఇదంతా ఆ రాత్రే నాకు తెలుసు. రీబూట్ చేస్తే మళ్లీ మొదటికొస్తుందని కూడా తెలుసు. కావాలనే రాయలేదు. ఎందుకు రాయలేదో మా లీడ్‌కి చెప్పడం కష్టం. మీకైతే చెప్పనక్కర్లేదేమో కూడా.

మన ఆఫీసుల్లో ఎందుకు జరిగిందని అడిగారంటే ఎవరు చేశారో చెప్పమని అర్థం. పేరు దొరికాక ఇక ఆ కారణంతో ఎవరికీ పని ఉండదు. అనేక వీల్యాన్లని మోసే ట్రంక్ పోర్ట్‌లో ఒకదాన్ని చేర్చడం మర్చిపోయానని ఆర్‌సీఏలో, అంటే మూలకారణం రిపోర్ట్‌లో, ఉన్నది ఉన్నట్టు రాసుకున్న కుర్రాడొకడు నాతో పనిచేసేవాడు. ఆ వాక్యాన్నే అప్రైజల్ రోజున అతని ముందు పెట్టారు. ఆ తర్వాత మా టీమ్‌లో ఎవరూ వీల్యాన్ అనే మాట కూడా రాయలేదు. డాకర్ పెట్టారని నేను రాస్తే, పెట్టినవాడి పేరు బయటికి లాగినట్టే కదా అనుకున్నాను.

తీరా మీటింగ్‌లో ఆ డాకర్ మనిషి, ఎవరూ అడక్కుండానే, "నేనే పెట్టాను, బ్రిడ్జ్‌కి ఇలా అవుతుందని అనుకోలేదు" అన్నాడు. అతని వైపు ఒక్కరూ అదోలా చూడలేదు. ఇన్‌స్టాల్ చేసే ముందు చూసుకునే పేజీలో ఈ సంగతి ఎక్కడ చేర్చాలని మాత్రం లీడ్ అడిగారు. సొంత రూల్స్ రాసుకోవడానికి డాకర్ వదిలిపెట్టే డాకర్ యూజర్ చైన్‌లో మా బ్రిడ్జ్‌కి దారిచ్చే రూల్ చేర్చి, బూట్‌లోనే వచ్చేలా పెట్టాం. ఎవరి ముఖమూ మాడలేదు. చూస్తుంటే నాకు ముచ్చటేసింది, కొంచెం కడుపు మంట కూడా.

ఆ మంట దేనికో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. మనవాళ్లకి కారణం వెతకడం రాక కాదు. సమస్య వచ్చినప్పుడు పెట్టే కాన్ఫరెన్స్ కాల్‌లో ముప్పై మంది ఉంటారు, పదిహేను నిమిషాలకోసారి ఎవరో ఒకరు "ఎప్పటికి వస్తుంది?" అని అడుగుతారు, గడువు దాటితే పెనాల్టీ. అలాంటప్పుడు టీసీపీడంప్‌ని ఫైల్‌లోకి తీసి తీరిగ్గా చదువుకునే ఓపిక ఎవరికుంటుంది? ఏదో ఒకటి చేసి లేపెయ్ అంటారు, లేపేస్తాం. ఆ అడిగేవాళ్లు ఎవరు? ఇదిగో, సపోర్ట్ పనిని మనవాళ్లకి అప్పజెప్పే ఇలాంటి ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లే. తమ టీమ్‌లో ఎవరినీ వేలెత్తి చూపకుండా, నెమ్మదిగా కారణం అడిగే ఈ మర్యాదస్తులే ఆ ఫోన్‌కి అవతలి వైపు ఉండి గడియారం చూసేవాళ్లు. ఇప్పుడు ఆ వైపుకి నేనూ వచ్చి కూర్చున్నాను. అందుకే ఇక్కడి సంస్కారాన్ని పొగుడుదామని నోరు తెరిస్తే మాట సగంలో ఆగిపోతుంది.

మొన్న మన వైపు టీమ్ నుంచి ఒక టికెట్ మూసి పంపారు. వీఎంలో పింగ్ బాగానే వెళ్తోంది, ఎస్ఎస్‌హెచ్ కూడా కలుస్తోంది, పెద్ద ఫైల్ కాపీ చేస్తే మాత్రం బిగుసుకుపోతోంది. కింద రాసింది: రీబూట్ చేశాం, బాగానే పనిచేస్తోంది. నిజంగా బాగుపడలేదు. ఫోన్ చేసి ఏం కారణమై ఉంటుందని అడిగితే కాసేపు అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెల్లగా, "అన్నా, ఎస్కలేషన్ అవుతుందా?" అన్నాడు. పైవాళ్లదాకా వెళ్తుందేమోనని వాడి భయం.

అవ్వదు తమ్ముడూ, రీబూట్ సంగతి పక్కన పెట్టి పింగ్ సైజు మార్చి చూద్దాం పట్టు అన్నాను. ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి 1472 బైట్లతో కొట్టాడు. హెడర్లు 28 కలిపితే సరిగ్గా 1500. పోలేదు. తగ్గించుకుంటూ వస్తే 1422 దగ్గర జవాబొచ్చింది. తేడా 50 అనగానే నేను చెప్పకముందే వాడే అందుకున్నాడు: "అన్నా, వీఎక్స్‌ల్యాన్ కదా!" వీఎక్స్‌ల్యాన్ అంటే ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే టన్నెల్; హోస్టుల మధ్య అది తన హెడర్ల కోసం ఆ 50 బైట్లు తీసుకుంటోంది, వీఎం మాత్రం ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు, ఇంకా 1500 అనే నమ్ముతోంది. చిన్న ప్యాకెట్లు కాబట్టి పింగ్ పోయింది, పెద్దవి రాలిపోయాయి. వీఎంలో 1450 పెట్టాడు, కాపీ పూర్తయింది. ఈసారి టికెట్‌లో మొత్తం రాశాడు, నాకంటే బాగా రాశాడు.

అయితే అదంతా అయ్యేసరికి గడువు దాటింది. నెలాఖరు రిపోర్ట్‌లో వాళ్ల టీమ్ పేరు పక్కన ఆ టికెట్ ఎర్ర రంగులో పడింది. ఆ రిపోర్ట్ తయారుచేసి పంపేది మా వైపు నుంచే. కారణం రాయడానికి అందులో కాలమ్ లేదు. చేర్చమని అడిగాను. ఫార్మాట్ కాంట్రాక్ట్‌లో భాగమట, రెన్యూవల్ దాకా దాన్ని ముట్టుకోవడానికి లేదట.