60 పాటల్లోంచి 22

ప్లేలిస్ట్ కూర్చేటప్పుడు నేను మూడ్ పేరుతో మొదలుపెట్టను. ‘విషాదం’ అనుకుంటే అందులో ఏ పాటైనా ఇమిడిపోతుంది. ‘అర్ధరాత్రి దాటాక ఖాళీ రోడ్డు మీద ఒంటరి ప్రయాణం’ అనుకుంటే సగం పాటలు వాటంతటవే తప్పుకుంటాయి. అలాంటి వాక్యం ఒకటి రాసుకుని, జానర్ (సంగీత శైలి) చూడకుండా 60 పాటల దాకా పోగేస్తాను. గంటన్నరకి, పాటకి 4 నిమిషాల లెక్కన 22 చాలు. మిగతా 38 తీసెయ్యడమే కష్టం, ఎందుకంటే పోయేవన్నీ మంచి పాటలే.

తర్వాత ప్రతి పాట టెంపో రాసుకుంటాను. యాప్ చూపించే బీపీఎంని, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో చెప్పే అంకెని, గుడ్డిగా నమ్మను. 70లో నడిచే నెమ్మది పాటని చాలాసార్లు 140 అని చూపిస్తుంది, మధ్యలో పడే హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) దెబ్బల్ని కూడా బీట్ కింద లెక్కేస్తుంది కాబట్టి. 15 సెకన్లు చేత్తో తాళం వేసి, వచ్చిన అంకెని నాలుగుతో గుణిస్తే సరిపోతుంది. ఈ రెట్టింపు మాయని వాడుకోవచ్చు కూడా. 86లో ఉన్న హిప్‌హాప్ వెనకే 172లో డ్రమ్ అండ్ బేస్ (వేగంగా సాగే ఎలక్ట్రానిక్ సంగీతం) పెడితే, తల ఊపే వేగం మార్చక్కర్లేదు.

అసలు పనంతా ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే అతుకుల దగ్గరే. జానర్ మారేచోట టెంపో, వాయిద్యం, గొంతు, శ్రుతి, వీటిలో కనీసం ఒక్కటి మారకుండా చూస్తాను. ఉదాహరణకి 92లో నడిచే జాజ్ పియానో ట్రియో. దాని వెనక 90లో, పియానో శాంపిల్‌తో (వేరే రికార్డింగ్‌లోంచి తీసుకున్న ముక్కతో) మొదలయ్యే హిప్‌హాప్. పియానో ఇంకా నడుస్తూనే ఉందనుకుంటుంది చెవి. ఈలోగా జానర్ మారిపోతుంది. అక్కణ్ణించి 122లో ఉన్న హౌస్ అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతానికి నేరుగా వెళ్తే మాత్రం తడబాటే. మధ్యలో బీటే లేని యాంబియెంట్ ముక్క ఒకటి, 3 నిమిషాలది, పెడతాను. అది అయ్యేసరికి పాత లయ మరుపున పడుతుంది, కొత్త లయ ఎంతైనా ఒప్పుతుంది.

శ్రుతి కలపడానికి, ఏ శ్రుతికి ఏది పొసుగుతుందో చూపే కేమెలాట్ చక్రం ఉంది. 1 నుంచి 12 దాకా అంకెలు, మైనర్ స్కేల్ పాటలకి ఎ, మేజర్ స్కేల్ పాటలకి బి. ఎ మైనర్ అనే శ్రుతి 8ఎ అయితే దానికి 7ఎ, 9ఎ, 8బి పొసుగుతాయి. పాటకీ పాటకీ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంటే దీని కోసం తల బద్దలు కొట్టుకోనవసరం లేదని నా అభిప్రాయం. ఒకదాని మీద ఒకటి పడేలా క్రాస్‌ఫేడ్ పెట్టినప్పుడే ఇది నిజంగా అవసరం. స్పాటిఫైలో క్రాస్‌ఫేడ్ 12 సెకన్ల దాకా వెళ్తుంది కానీ, 4 దాటితే పల్లవి ఎత్తుగడే మునిగిపోతుంది.

చాలామంది పట్టించుకోనిది శబ్దస్థాయి. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటల్ని దాదాపు మైనస్ 14 లఫ్స్‌కి (శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) తెస్తుంది. ఆల్బమ్‌ని వరుసగా వింటే పాటల మధ్య హెచ్చుతగ్గులు అలాగే ఉంటాయి. ప్లేలిస్ట్‌లో మాత్రం ఏ పాటకి ఆ పాటే సర్దుబాటు. అందుకే హోరెత్తే పాట వెనక గుసగుసలాడే పాట పెట్టినా ఆశించిన ప్రశాంతత రాదు, ఆ గుసగుస కూడా పెద్దగానే వినిపిస్తుంది. అక్కడ వాయిద్యాలు తక్కువున్న పాట వెతకాలి. గిటార్, గొంతు, అంతే.

లైవ్ రికార్డింగుల మొదట్లో చప్పట్లుంటాయి, మంచి అతుకుని పాడుచేస్తాయి. పక్క పాటలోకి నేరుగా కలిసిపోయే ఆల్బమ్ ముక్కలు, విడిగా తెచ్చి పెడితే గొంతు నొక్కినట్టు ఆగిపోతాయి. ఈ రెండింటికీ స్టూడియో వెర్షనో, సింగిల్ వెర్షనో ఉందేమో చూస్తాను.

వరుస కుదిరాక ఒక పాట చివరి 20 సెకన్లు, తర్వాతి పాట మొదటి 20 సెకన్లు, అలా 21 అతుకులూ వింటాను. 14 నిమిషాల పని. తర్వాత వేరే పని చేసుకుంటూ మొత్తం ఒకసారి. చెయ్యి తెలీకుండా ఫోన్ వైపు వెళ్లిన చోటు గుర్తుపెట్టుకుంటాను. తప్పు సాధారణంగా ఆ పాటది కాదు, దాని ముందుదానిది.

షఫుల్ ఈ కష్టాన్నంతా బూడిద చేస్తుంది కాబట్టి, వివరణలో ‘వరుసగా వినండి’ అని తప్పక రాస్తాను. జాబితాని విడిగా టెక్స్ట్ ఫైల్లో కూడా దాచుకుంటాను. హక్కులు మారితే పాట యాప్‌లోంచి చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. మధ్యలో ఒక పాట పోతే తెగేవి రెండు అతుకులు. దాని స్థానంలో అదే వేగం, అదే వాయిద్యం ఉన్న పాట కోసం తీసేసిన ఆ 38లోనే ముందు వెతుకుతాను.