పేర్లు రాయొద్దన్న మాస్టారు

మేం ఎనిమిదో తరగతికి వచ్చేదాకా క్లాస్ లీడర్‌కి ఒకటే పని. మాస్టారు లేనప్పుడు సుద్దముక్క పట్టుకుని అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. మరీ రెచ్చిపోతే పేరు పక్కన ఇంటూ మార్కు. మా హెడ్మాస్టారు ఆ ఆనవాయితీ ఎత్తేశారు. "పేరు రాసేస్తే నీ పని తీరిపోయింది, తిట్టే పని నాకు మిగిలింది. వాడి దగ్గరికెళ్లి నువ్వే చెప్పరా" అన్నారు, ఆ ఏడాది లీడర్‌నైన నాతో.

వినడానికి చిన్న మాటే. కానీ బెంచీల మధ్య నడిచి వెళ్లి, నాకన్నా జానెడు పొడుగున్నవాడి ఎదుట నిలబడి "కాసేపు ఆపరా" అనాలంటే గొంతు పెగిలేది కాదు. చెవులు వేడెక్కేవి. వాడు నవ్వితే వెనక బెంచీలన్నీ నవ్వేవి. మర్నాడు మళ్లీ వెళ్లాల్సిందే. అలా వెళ్లగా వెళ్లగా తెలిసింది: నలుగురిలో గట్టిగా అంటే మొండికేసేవాడు, పక్కన కూర్చుని మెల్లగా అంటే వింటాడని. నాయకత్వం పుట్టుకతో వస్తుందనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. నాకు తెలిసినంత మటుకు అది ఆ చెవుల వేడిలోంచే వచ్చింది.

తొమ్మిదిలో నన్ను వాలీబాల్ కెప్టెన్‌ని చేశారు. పోటీలకు వెళ్లే జట్టులో నా ప్రాణస్నేహితుడి పేరు లేదు. నోటీసు బోర్డులో వాడే చూసుకుంటాడులే అని ఊరుకోవచ్చు. "కాగితం అంటించేలోపు నీ నోటితో చెప్పు" అన్నారు హెడ్మాస్టారు. వెళ్లేసరికి వాడు కోర్టు పక్కన కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. చెప్పాను. ముడి వేస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"నా సర్వీసు బాలేదా?"

"సర్వీసు బాగుంది. వెనక ఆడేటప్పుడు బంతి లేపలేకపోతున్నావు."

అంతకుమించి ఓదార్పు మాటలేవీ కలపలేదు, ఉన్నదే చెప్పాను. చాన్నాళ్లు వాడు నాతో మాట్లాడలేదు. కోర్టులో నా పక్కన వాడు లేని వెలితి ఇంతా అంతా కాదు. తర్వాత ఒక సాయంత్రం వాడే వచ్చి, వెనక లైన్లో నిలబడి, "బంతి గట్టిగా కొట్టు" అన్నాడు.

ఎంత పెద్దవాళ్లకైనా ఈ ఇబ్బంది తప్పలేదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. అయినా విలేకరుల ముందు నిలబడి బాధ్యత నెత్తిన వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం మాట్లాడమని కలాంనే ముందుకు పంపారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అందరూ ఆ రెండో రోజు ఔదార్యాన్ని మెచ్చుకుంటారు. నాకు మొదటి రోజే పెద్దదిగా కనిపిస్తుంది. గెలిచిన రోజు పక్కకు తప్పుకోవడానికి మంచి మనసుంటే చాలు, ఓడిన రోజు ముందుకు రావడానికి అంతకుముందు ఎన్నాళ్ల సాధనో ఉండాలి.

దక్షిణాఫ్రికా నల్లజాతి నాయకుడు మండేలా 27 ఏళ్ల జైలు జీవితంలో తనను బంధించినవాళ్ల భాష, ఆఫ్రికాన్స్, పట్టుబట్టి నేర్చుకున్నారు. తోటి ఖైదీల్లో కొందరికి అది నచ్చలేదు. ఎదుటివాళ్ల కోపం కన్నా మనవాళ్ల అసంతృప్తి భరించడమే కష్టం. ఇప్పుడు ఉద్యోగంలో ఒక బృందాన్ని నడుపుతున్నాను కాబట్టి ఆ బరువు కొంచెం ఊహించగలను.

ఈ సంచిక చదివే ఇప్పటి ఉపాధ్యాయులకు ఒక మనవి. లీడర్లుగా మార్కులు బాగా వచ్చేవాళ్లనో, గలగలా మాట్లాడేవాళ్లనో ఏడాది పొడుగునా ఉంచేయకండి. హెడ్మాస్టారు ఎంచుకున్నది నోరు విప్పని నన్ను. నెలకొకరికి ఇవ్వండి, బిడియస్తులకు ముందు ఇవ్వండి. బడి వదిలాక ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి, ఆ రోజు ఏం చెప్పడానికి నోరు రాలేదో అడగండి. అలా కూర్చుని వినడానికి మనుషులు చాలకపోతే శనివారాలు నేను వస్తాను. మా బ్యాచ్‌లో ఇంకొందరు కూడా వస్తామన్నారు.