వెనక తలుపు తాళం

మొన్న మా కోల్డ్ స్టోరేజీలో సేఫ్టీ ట్రైనింగ్ పెట్టారు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఇలాంటి స్టోరేజీలు బోలెడు, చాలావాటిల్లో చల్లదనం పుట్టించేది అమ్మోనియానే. నేను లెక్కలు రాసుకునేవాణ్ణి, నాకెందుకులే అనుకుంటూనే ఏసీ రూములో సమోసాల కోసం వెళ్లి కూర్చున్నా (అబద్ధం ఎందుకు).

ట్రైనర్ పెద్దాయన. ఇప్పుడు గ్యాస్ లీకైతే ఎటు పరిగెడతారు అన్నాడు. మా మేనేజర్ టక్కున మెయిన్ గేటుకి సార్ అన్నాడు. మరి గాలి ప్లాంటు నుంచి గేటు వైపే కొడుతుంటే? అంతే, అందరం కిటికీలోంచి వేపచెట్టు ఆకులు ఎటు ఊగుతున్నాయా అని చూడ్డం మొదలుపెట్టాం. ముందు అడ్డంగా పక్కకి తప్పుకుని ఆ తర్వాత గాలి వచ్చే వైపుకి పోవాలంట. అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరిగిపోద్ది కాబట్టి తడిగుడ్డ ముక్కుకి పెట్టుకుంటే బయటపడేదాకా కాస్త ఆగుద్ది, కళ్లలో చెమ్మని పట్టుకుని కాల్చేదీ అందుకేనంట, కళ్లల్లో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడుగుతూనే ఉండాలి.

తర్వాత ఛాంబర్లలోకి ఎవరు వెళ్తారు అనడిగాడు. హమాలీలు సార్. మరి వాళ్లేరి? లోడు వచ్చింది సార్.

ఆయన ల్యాప్‌టాప్ మూసేసి నేరుగా ప్లాట్‌ఫామ్ మీదకి నడిచాడు, వెనకాల మేమంతా. 1984 భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 111ఏ సెక్షన్ చేర్చారు, ట్రైనింగ్ అడిగే హక్కు కార్మికుడికి ఇచ్చింది అదేనయ్యా అని దారిలో మా మేనేజర్‌కి చెప్తూనే ఉన్నాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి హమాలీలు చుట్టూ కూర్చున్నారు. మిర్చి ఘాటుకే తుమ్మని మనుషులు, ఈయన మాటలకి మాత్రం చెవులు రిక్కించారు. అప్పుడు మేస్త్రీ లేచి, "అయ్యా అంతా బానే ఉంది గానీ ఆ వెనక తలుపుకి తాళం ఏసుంటదండి, తాళంచెవి వాచ్‌మన్ బాబాయ్ దగ్గరుంటది, ఆయనది రాత్రి డ్యూటీ" అన్నాడు.

మేనేజర్ నా వైపు చూశాడు. మూడేళ్లుగా రిజిస్టర్‌లో ఎమర్జెన్సీ దారి కాలమ్‌లో "ఉంది" అని రాస్తోంది నేనే మరి, ఒక్కసారైనా వెళ్లి చూస్తే ఒట్టు.

తాళం ఆ సాయంత్రమే తీసేశారు. నిన్న వెళ్లి చూస్తే ఆ తలుపుకి అడ్డంగా టిక్కీలు పేర్చున్నాయి. మేస్త్రీని పిలిచి తీయించి, వచ్చి రిజిస్టర్ తెరిచా. ఆ కాలమ్ ఇంకా ఖాళీగానే వదిలేశా.